వాటం మారితే

ఫిబ్రవరి 11

అక్కకి,

నువ్వక్కడ పూర్తిగా క్షేమమని తలుస్తాను. నేనిక్కడ ముప్పాతిక వంతు క్షేమం. మిగిలిన పాతిక చెవుల్లో పోయింది. ఆ సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం.

పోయిన వారం నీ మరదలు నన్ను చెవుల డాక్టరు దగ్గరికి ఈడ్చుకెళ్ళింది. ఆయన నన్నొక గాజు గదిలో కూచోబెట్టి, చెవులకి డిప్పలు తగిలించి, చప్పుడు వినిపించినప్పుడల్లా బటన్ నొక్కమన్నాడు. నేను నొక్కకుండా కూచున్నాను, ఇంకా మొదలుపెట్టలేదేమోనని. బయటికొచ్చి నీ మరదలి మొహం చూశాక తెలిసింది, పరీక్ష అయిపోయిందని. ఇరవై ఏళ్ళు లేత్ మిషను పక్కన నిలబడ్డ ఫలితమట. లావు చప్పుళ్ళు మిగిలాయి, సన్న చప్పుళ్ళు పోయాయి. లారీ వినిపిస్తుంది, పిట్ట వినిపించదు. నీ మరదలు ఆ రెండింటికీ మధ్య ఎక్కడో ఉంది. కోపమొస్తే లారీ వైపు వస్తుంది.

నవ్వులకి రాస్తున్నాను గానీ అసలు బాధ వేరే. నేను చేసే బేస్‌బాల్ బ్యాట్ మోత వినిపించడం లేదు. నాన్న తయారైన ప్రతి బ్యాట్‌నీ రెండు వేళ్ళతో వేలాడదీసి, గూటంతో చిన్నగా తట్టి వినేవాడు కదా. గంటలా మోగితే అమ్మకానికి, కుండలా మోగితే పొయ్యిలోకి. ఆయన పోయాక ఆ పని నాకొచ్చింది. రెండేళ్ళుగా తట్టి, తల పంకించి, పక్కన పెడుతున్నాను. వినడం లేదక్కా. నటిస్తున్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఏం కొరుకుతున్నావని అడిగాడట. నా విషయంలో శంఖం ఊదేదీ నేనే, అడిగేదీ నేనే. ఈ సంగతి నీ మరదలికి తప్ప ఎవరికీ తెలీదు. తెలిస్తే నా బ్యాట్ ఎవరు పట్టుకుంటారు?

పైగా విరిగి వెనక్కొచ్చేవి ఎక్కువయ్యాయి. నాన్న జీవితమంతా యాష్ కర్రతోనే చేశాడు. ఇప్పుడు ఆడేవాళ్ళందరికీ మేపుల్ కావాలి. నేను నేర్చుకున్న కర్ర ఒకటి, చేతికొచ్చిన కర్ర ఇంకొకటి.

నువ్వేమో విరిగిన బేస్‌బాల్ బ్యాట్లు చూసి జీతం తీసుకుంటావు. లోకంలో ఎవరికీ లేని ఉద్యోగం మా అక్కకుందని అందరికీ చెప్పుకుంటాను. కాబట్టి అడుగుతున్నా. బ్యాట్ ఎందుకు విరుగుతుందో, విరక్కుండా ఏం చూసుకోవాలో, చెవితో పని లేకుండా కంటితో పోల్చుకునేలా ఒక కాగితం మీద రాసి పంపు. లేత్ పైన మేకు కొట్టుకుంటాను. ఫోన్‌లో పంపకు. సగం తెగిన నా బొటనవేలికి ఆ గాజు పలక లోబడదు.

ఇంకొక్క మాట. పంతులమ్మ భాషలో కాకుండా మన భాషలో రాయి.

ఇట్లు,
గూటం


ఫిబ్రవరి 20

ఒరే గూటం,

నీ ఉత్తరంలో "నటిస్తున్నాను" అన్న చోట ఆగిపోయి, మళ్ళీ మొదటి నుంచి చదివాను. రెండేళ్ళు ఎలా దాచావురా? పోయిన ఏడు నేనొచ్చినప్పుడు నువ్వు ప్రతిదానికీ నవ్వుతుంటే, వయసుతో పాటు మంచివాడివైపోయావనుకున్నాను. నేనన్నది వినిపించక నవ్వావన్నమాట.

సరే, నువ్వడిగింది రాస్తాను. బ్యాట్ ఎందుకు విరుగుతుందన్న ప్రశ్నకి పద్దెనిమిదేళ్ళుగా జవాబులు రాస్తున్నాను. ఏ ఒక్కటీ పూర్తిగా రాశానని నాకనిపించలేదు. తెలిసినంత వరకు ఇదీ.

చెక్కని చీపురుకట్ట అనుకో. పుల్లలన్నీ పిడి నుంచి కొస దాకా తిన్నగా ఉంటే, దెబ్బకి వంగి మళ్ళీ నిలబడుతుంది. ఆ పుల్లలు ఏటవాలుగా పోయి మధ్యలోనే పక్కకి తేలిపోతే, దెబ్బ ఆ వాలు వెంటే జారి, చెక్కని చీల్చుకుంటూ పోతుంది. యాష్ కర్రలో పోగులు కంటికి కనిపిస్తాయి. అది విరిగే ముందు పొరలు లేస్తుంది, బీటలిస్తుంది, ముందుగా కబురు పంపుతుంది. మేపుల్ ఆఖరి క్షణం దాకా నున్నగా నవ్వుతూ ఉండి, ఒక్కసారే రెండవుతుంది. ముక్క ఎక్కడికి ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు.

దాని మనసు తెలుసుకోవాలంటే సిరా కావాలి. లేత్ మీద తిప్పడం అయిపోయాక బ్యాట్‌కి రెండు రకాల మొహాలుంటాయి, నీకు తెలియనిది కాదు. వెడల్పాటి అలలు కనిపించేది పలక వైపు. సన్న గీతలు దగ్గర దగ్గరగా ఉండేది గీతల వైపు. పిడి మీద పలక వైపున ఒక సిరా చుక్క వెయ్యి. సిరా పోగు పట్టుకుని పాకుతుంది. పొడవునా తిన్నగా పాకితే మంచి కర్ర. జానెడు పొడవులో చిటికెనవేలి మందం కన్నా పక్కకి ఒరిగిందా, పొయ్యిలోకి.

తర్వాత బ్యాట్ మీద మన పేరు కొట్టే ముద్ర సంగతి. ఆడేవాళ్ళు ముద్రని ఆకాశానికి చూపించి కొడతారు కనక, బంతి ముద్రకి పావు చుట్టు పక్కన తగులుతుంది. యాష్ కర్ర గీతల మీద దెబ్బ ఓర్చుకుంటుంది, అందుకే నాన్న ముద్ర పలక మీద వేసేవాడు. మేపుల్ తిరకాసుది. అది పలక మీద అయితేనే ఓర్చుకుంటుంది. కాబట్టి దాని ముద్ర గీతల మీద ఉండాలి.

మేకు కొట్టుకునే కాగితం వేరేగా పెడుతున్నాను. పంతులమ్మ భాష వద్దన్నావని నాన్న మాటల్లోనే రాశాను:

చుక్క తిన్నగా పాకాలి.
పిడి సన్నం చెయ్యమని ఎవరడిగినా చెయ్యొద్దు.
మేపుల్‌కి ముద్ర గీతల మీద. వాటం మారితే ముద్ర కూడా మారాలి.

చెవులకి మిషను పెట్టించుకోమని ఆ డాక్టరు అనలేదా? నా మరదలు అన్నట్టు నేను కూడా అంటున్నాననుకో.

నీ పంతులమ్మ


మార్చి 15

అక్కకి,

నీ కాగితం మేకెక్కింది. నాన్న ఫొటో పక్కనే. ఆయన దాన్ని కాస్త అనుమానంగా చూస్తున్నాడు, అలవాటవుతుందిలే.

సిరా చుక్క భలే ముచ్చటగా ఉందక్కా. చెక్క తన జాతకం తనే రాసి చూపిస్తుంది. ఈ నెలలో పదకొండింటిని పొయ్యిలో వేశాను. నాన్న చెవికి ఇవన్నీ మోగేవో లేదో. ఇప్పటిదాకా ఒక్క బ్యాట్ కూడా విరిగి వెనక్కి రాలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందని నిన్ను ఏడిపించేవాణ్ణి, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా.

మన క్లబ్బులో బంతి విసిరే లెక్కల మాస్టారు ఈ చుక్కల సంగతి విని ఆగలేకపోయాడు. శనివారం కోణమానిని పట్టుకుని దిగాడు. బల్ల మీద కూచుని ఒక్కొక్క చుక్కనీ కొలిచి, "ఇది రెండు డిగ్రీలు, పాస్. ఇది నాలుగు, మళ్ళీ పరీక్ష రాయాలి" అంటాడు. ఆయన ఎప్పుడూ నాకు ఎదురుగా కూచుని, పెదాలు కనబడేలా మాట్లాడతాడు. అది అలవాటో, నా చెవుల సంగతి తెలుసో తెలీదు.

వీధి చివరి బేకరీ ఆయన కూడా ఒకటి చేయించుకున్నాడు. పొద్దున్నుంచీ పిండి పిసికి, సాయంత్రం బ్యాట్ పట్టుకుంటే తప్ప భుజాలు దిగవంటాడు. ఆయనది ఎడమచేతి వాటం. ఎడమ వాళ్ళకి ఇది మూడోది, నువ్వు రాసినట్టే వాటికి ముద్ర మార్చి వేస్తున్నాను. ఇన్నేళ్ళూ ఆ తేడా తెలీకుండానే బతికామా అనిపించింది.

చెవి మిషను తర్వాత చూద్దాం. అది పెట్టుకుంటే అందరికీ కనిపిస్తుంది.

ఇట్లు,
సిరా గూటం


ఏప్రిల్ 2

ఒరే,

ఇల్లు మారుతున్నాం. సగం సామాను అక్కడ, సగం ఇక్కడ. నా కళ్ళజోడు ఏ పెట్టెలో ఉందో మీ బావకి తెలియదు, నాకసలే తెలియదు. నీ ఉత్తరం బస్సులో నిలబడి, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని చదివాను. విరిగేవి తగ్గాయన్న మాట చాలు. మాస్టారి కోణమానినికి నవ్వుకున్నాను.

చెప్పినట్టే చేస్తున్నావు, అలాగే కానివ్వు. తీరిగ్గా మళ్ళీ రాస్తాను.

అక్క


మే 19

అక్కకి,

ఈ ఉత్తరం రాయడానికి నాలుగు రోజులు పట్టింది.

పోయిన ఆదివారం ఆటలో బేకరీ ఆయన బ్యాట్ విరిగింది. నేను చేసిందే. విసిరింది లెక్కల మాస్టారు. బ్యాట్ పైభాగం తిరుగుతూ వెళ్ళి ఆయన ఎడమ కంటి మీద తగిలింది. నేను కంచె పక్క బెంచీ మీదున్నాను. చప్పుడు నాకు వినిపించలేదు. పక్కవాళ్ళందరూ ఒక్కసారే లేచి నిలబడితే, బంతి ఎక్కడో దూరంగా పోయిందనుకుని నేను కూడా లేచి చప్పట్లు కొట్టాను. నా చుట్టూ ఎవరూ కొట్టడం లేదు. అప్పుడు చూశాను.

ఆ కన్ను ఇంక పనిచెయ్యదట. ఆసుపత్రికి వెళ్తే మాస్టారు కట్టుతో పడుకుని ఉన్నాడు. నన్ను చూసి ఏదో అన్నాడు. అటు తిరిగి ఉండటంతో పెదాలు కనబడలేదు. మళ్ళీ అడగడానికి మొహం చెల్లలేదు.

క్లబ్బు కమిటీ వాళ్ళు విరిగిన ముక్కలన్నీ మూటకట్టి నీ ల్యాబ్‌కే పంపుతున్నారు. నువ్వు పనిచేసేది అక్కడేనని వాళ్ళకి తెలీదు. ఆ చెక్కలో తప్పు లేదక్కా. సిరా చుక్క తిన్నగా పాకింది. మాస్టారే కొలిచాడు, డిగ్రీన్నర. పిడి లావుగానే ఉంచాను. ముద్ర నువ్వు చెప్పిన చోటే ఉంది. ఇంక మిగిలిందేమిటి? బేకరీ ఆయన బ్యాట్ తిప్పి పట్టుకుని ఉంటాడు. ముద్ర ఆకాశానికే పెట్టానని ఆయన ఒట్టేస్తున్నాడు. ఒట్లకేం, ఎన్నయినా వేస్తారు. ఊళ్ళో సగం మంది ఆయన్ని తప్పుపడుతున్నారు, సగం మంది నన్ను. ఆయన బేకరీ తెరవడం లేదు.

బంతి ఏ పక్కన తగిలిందో నువ్వు చూస్తే తెలిసిపోతుంది కదా. ఉన్నదున్నట్టు రాయి. నా చేతుల మీద ఆ కన్ను లేదని ఒక్క ముక్క రాయి చాలు.

గూటం


మే 30

నాన్నా తమ్ముడూ,

మూట వచ్చింది. అట్ట మీద మన ఊరి క్లబ్బు పేరు చూసి, విప్పకుండానే పైఅధికారి గదిలోకి వెళ్ళి, ఇది మా తమ్ముడి చేతి బ్యాట్, నేను చూడకూడదని చెప్పేశాను. ఆయన దాన్ని నా పక్క బల్ల ఆయనకి ఇచ్చారు. రాసేది ఆయనే. ఆయన నెమ్మది మనిషి, ఎవరికీ అన్యాయం చెయ్యడు, ఎవరికీ సాయమూ చెయ్యడు.

చూడకూడదన్నదాన్నే, చూడకుండా ఉండలేకపోయాను. ఆయన టీకి లేచినప్పుడు ముక్కలు జతచేసి చూశాను.

నీ చెక్క మంచిది. నేను చూసిన మేపుల్లో అంత తిన్నని పోగు తక్కువ. పిడి కూడా సరైన కొలతలో ఉంది. ఒక్కటే అర్థం కాలేదు. బంతి తోలు అంటిన మరక గీతల వైపు ఉంది. ముద్రకి సరిగ్గా పావు చుట్టు పక్కన. అంటే బేకరీ ఆయన ముద్రని ఆకాశానికే పెట్టి కొట్టాడు. ఆయన ఒట్టు నిజం.

మరి ముద్ర పలక మీద ఎందుకుందిరా? మేపుల్‌కి గీతల మీద వెయ్యాలని కదా రాశాను. యాష్ అలవాటులో చెయ్యి పొరబడిందా? ఒక్కదానికే అలా అయిందా? కోప్పడటం లేదు. తెలియక అడుగుతున్నాను, వెంటనే రాయి.

ఊళ్ళో బేకరీ ఆయన్ని ఎవరూ ఏమీ అనకుండా నువ్వే చూడు. ఆ మాట మొదట నీ నోటి నుంచి రావాలి.

అక్క


జూన్ 6

అక్కకి,

నీ ఉత్తరం చదివి లేత్ ఆపేసి, మేకు మీది కాగితం తీసి, బయట వెలుతురులో పెట్టి చూశాను. నా కళ్ళు కూడా పోయాయేమోనని నీ మరదలి చేత కూడా చదివించాను. నువ్వు రాసింది రాసినట్టు కింద దించుతున్నాను:

"మేపుల్‌కి ముద్ర గీతల మీద. వాటం మారితే ముద్ర కూడా మారాలి."

కుడి వాటం వాళ్ళకి గీతల మీద వేశాను. ఎడమ వాటం వాళ్ళకి మార్చి పలక మీద వేశాను. ఇంకెలా చెయ్యాలి? మార్చి ఉత్తరంలో నీకు రాశాను కూడా, ఎడమ వాళ్ళకి ముద్ర మారుస్తున్నానని. అలాగే కానివ్వమన్నావు. అదీ దాచాను. కావాలంటే పంపుతాను.

ఆర్డర్ల పుస్తకంలో నాన్న రోజుల నుంచీ అదే మాట రాస్తున్నాం. కుడి వాటం, ఎడమ వాటం. ఆ మాటకి ఇంకో అర్థం ఉంటే, నాకెవరూ చెప్పలేదు.

నేనేం తప్పు చేశానో చెప్పు. నిజంగానే అడుగుతున్నా.

గూటం


జూన్ 9

తమ్ముడూ,

నీ ఉత్తరం అందిన గంటలో నా మరదలికి ఫోన్ చేశాను. ఎడమచేతి వాళ్ళకి నువ్వు చేసిన మేపుల్ బ్యాట్లన్నీ వెంటనే వెనక్కి తెప్పించమని చెప్పాను. ఆమె నీకు అరచి చెప్పే ఉంటుంది. అది జరుగుతున్నదనుకుని మిగతాది రాస్తున్నాను.

తప్పు నీది కాదు. ఈ వాక్యం ఎలా రాసినా చిన్నదిగానే ఉంది.

నేను వాటం అన్నది చెయ్యి గురించి కాదురా. చెక్క గురించి. నాన్న దుంగ మీద అరచెయ్యి పెట్టి, "దీని వాటం చూశావా, అటు పోతోంది" అనేవాడు, గుర్తుందా? గీతలు ఏ పక్కకి వస్తే ముద్ర ఆ పక్కకి జరగాలని, మళ్ళీ యాష్ కర్ర చేస్తే పాత పద్ధతికి వెళ్ళాలని నా ఉద్దేశం. ఆ రెండు ముక్కలూ పూర్తిగా రాస్తే ఇంకొక్క పంక్తి పట్టేది. కానీ నువ్వు మన భాషలో రాయమన్నావు, నేను మురిసిపోయాను. ల్యాబ్‌లో అయితే ఆ మాటని రాయనే రాయను. రెండర్థాలొచ్చే మాట కనిపిస్తే నా దగ్గర నేర్చుకునే పిల్లల వ్యాసాల్లో ఎర్ర గీత పెట్టేదాన్ని, నాన్న గొంతుతో మాట్లాడాలన్న సరదాకి అదే మాట వాడాను. నాన్న ఆ మాటని దుంగకీ, చేతికీ, నీళ్ళు పోయే వాలుకీ, ఆఖరికి అమ్మ కోపానికి కూడా వాడేవాడు. ఆయన పక్కనుండి చూపుడువేలితో చూపిస్తూ అనేవాడు కాబట్టి చెల్లింది. నేను కాగితం మీద ఏ వేలితో చూపించగలను?

ఎడమచేతితో ఆడినా కుడిచేతితో ఆడినా ముద్ర ఒక్కచోటే ఉండాలి. చేతికీ దానికీ సంబంధమే లేదు. నాకిది ఎంత తెలిసిన సంగతంటే, ఎవరికైనా తెలియకపోవచ్చన్న ఆలోచనే రాలేదు.

రెండోది ఇంకా బరువైనది. నువ్వు మార్చిలో చెప్పావు. అచ్చంగా ఆ మాటే రాశావు. నేను బస్సు కుదుపులో కోణమానిని దగ్గర నవ్వుకుని, ఆ వాక్యం మీద నుంచి జారిపోయాను. ఆ ఉత్తరం ఇవాళ పెట్టెలన్నీ తిరగేసి తీశాను. నీ అక్షరాలు ఎంత స్పష్టంగా ఉన్నాయో. చెవిటివాడివి నువ్వు, వినిపించుకోనిదాన్ని నేను.

మేకు మీది కాగితం కమిటీకి ఇవ్వు. కింద నా పేరు, ఉద్యోగం రాసి మరీ ఇవ్వు. పైఅధికారికి నేను చెప్పాను. పక్క బల్ల ఆయన రిపోర్టులో "ముద్ర తప్పు చోట వేయబడింది" అని రాశారు. ఎందుకు వేయబడిందో రాసే గడి ఆ ఫారంలో లేదట.

ఒకటి అడుగుతావని తెలుసు. ముద్ర సరిగ్గా ఉంటే విరిగేది కాదా? తెలియదు. సరిగ్గా ఉన్నవి కూడా విరుగుతాయి. పిడికి దగ్గర్లో గట్టి దెబ్బ తగిలితే ఏ కర్రయినా పోవచ్చు. ఆ ఒక్క దెబ్బకి ఇది నిలబడేదో లేదో పద్దెనిమిదేళ్ళ చదువు చెప్పలేకపోతోంది. నిలబడేదంటే నన్ను నేను క్షమించుకోలేను. లేదంటే, క్షమించుకోడానికి అబద్ధం వెతుక్కున్నట్టు ఉంటుంది.

మాస్టారికి ఏమని రాయాలో చెప్పు. నాలుగుసార్లు మొదలుపెట్టాను.

అక్క


జూలై 4

అక్కకి,

ఆలస్యమైంది. జరిగినవన్నీ జరిగిన వరసలో చెప్తాను.

ముందు బేకరీకి వెళ్ళాను. షట్టర్ సగం దించి లోపల కూచున్నాడు. తప్పు నీది కాదు, ముద్రది, ముద్ర వేసింది నేనని చెప్పాను. ఆయన తలొంచుకుని ఏదో అన్నాడేమో, నాకు వినిపించలేదు. తర్వాత నా ఎదురుగా వచ్చి, "నా పట్టు ఎక్కువైందనుకున్నానండీ. ఈ నెల రోజులూ పిండి ముట్టుకోవాలంటే భయమేసింది" అన్నాడు. నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. నేనాయన గురించి ఊళ్ళో అన్న మాటలు ఆయనకి చేరే ఉంటాయి. ఒక్కటీ ఎత్తలేదు. ఎత్తితే బావుండేది.

కమిటీ ముందు నీ కాగితం పెట్టాను. దానికి ముందు, నాకు వినిపించదని, అందుకే ఈ కాగితం అవసరమైందని నేనే చెప్పేశాను. రెండేళ్ళు దాచింది చెప్పడానికి రెండు క్షణాలు పట్టింది. ఆ తర్వాత కాగితం చేతులు మారింది. నీ మరదలు పక్కన కూచుని ఎవరేమన్నదీ రాసి చూపించింది, అందుకే ఇంత బాగా చెప్పగలుగుతున్నాను.

"వాటమంటే చెయ్యి. చంటిపిల్లలు కూడా చెప్తారు" అన్నాడు ప్రెసిడెంటు, టైర్ల షాపాయన.

"చెక్క గురించి రాసిన కాగితంలోకి చెయ్యి ఎందుకొస్తుందయ్యా?" అన్నాడు సెక్రటరీ. ఆయన తలుపులు, కిటికీలు చేస్తాడు.

"టైర్లు బిగించేవాడికి చెక్కేం తెలుస్తుందంటారు, అంతేగా?"

"నేనలా అన్లేదు. అన్నా తప్పులేదు."

అలా ఓ అరగంట. చేతులెత్తించారు. నలుగురు చెయ్యి అన్నారు, నలుగురు చెక్క అన్నారు. చేతులెత్తి చెక్క అనడం చూసి నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. మనిద్దరిలో ఎవరిది తప్పో తేలక, తిలాపాపం తలా పిడికెడు అని పంచి, ఈ ఆటల కాలం ముగిసేదాకా నా బ్యాట్ వాడకూడదని తీర్మానించారు. న్యాయమే.

మాస్టారు ఆ మూల కూచుని ఉన్నాడు. నల్ల అద్దాలు. అందరూ వెళ్ళాక నా ముందుకొచ్చి కుర్చీ జరుపుకుని కూచున్నాడు, పెదాలు కనబడేలా. "మీకు వినిపించదని నాకు ఎప్పుడో తెలుసు. మీరే చెప్తారని ఊరుకున్నాను. ఆ చుక్కలు కొలిచిన రోజు ముద్ర కూడా చూశాను. ఎడమ వాళ్ళకి వేరేచోట ఎందుకుందా అనుకున్నాను. మీ అక్కగారి కాగితం కదా, అడగడం మర్యాద కాదనిపించింది" అన్నాడు. ఆసుపత్రిలో కూడా అదే చెప్పబోయాడట.

ఎవరి మీదా కోపం రావడం లేదక్కా. అదే కష్టంగా ఉంది. కోపముంటే పట్టుకోడానికి ఒక పిడి ఉండేది.

ఇప్పుడు ఎడమ బ్యాట్ల లెక్క. మొత్తం ఆరు. బేకరీ ఆయనది విరిగింది. నాలుగు వెనక్కొచ్చాయి, నా చేత్తోనే పొయ్యిలో పెట్టాను. ఆరోది దొరకలేదు. ఏప్రిల్లో ఎవరో ఆవిడ దారిన పోతూ ఆగి, అన్న కూతురికి కావాలని కొనుక్కెళ్ళింది. పేరు అడగలేదు. అడిగినా వినిపించదు కాబట్టి అడగడం మానేశానప్పటికి. పుస్తకంలో "ఎడమ వాటం, పసుపు సంచీ ఆవిడ" అని మాత్రం ఉంది. పేపర్లో వేయించాను, బస్టాండులో అంటించాను. అది ఏ ఊళ్ళో ఉందో, ఆ పిల్ల ముద్రని ఆకాశానికి పెట్టి ఎంత బుద్ధిగా ఆడుతోందో.

చెవి మిషను పెట్టించుకున్నాను. ఇప్పుడన్నీ వినిపిస్తున్నాయి, ఒక్కటీ పోల్చుకోలేకపోతున్నాను. నిన్న ఒక బ్యాట్‌ని తట్టాను. మోగింది. గంటో కుండో తెలీలేదు.

ఆటల కాలం తర్వాత మళ్ళీ మొదలుపెట్టాలంటే లేత్ మీద కాగితం ఉండాలి. ఈసారి మాటలొద్దు. బొమ్మ గీసి పంపు.

గూటం


జూలై 18

ఒరే తమ్ముడూ,

బొమ్మ ఇందులోనే ఉంది. దాని గురించి కాస్త చెప్పాలి.

మొదటిది గీసి మీ బావకి చూపించాను. ముద్ర ఎక్కడ వెయ్యాలో వేలు పెట్టి చూపించమంటే, సరిగ్గా తప్పు చోట పెట్టారు. రెండో బొమ్మలో బాణం గీశాను. బాణం బంతి వచ్చే దారనుకున్నారు. మూడోది బాగానే కుదిరింది, కానీ కాగితం తలకిందులుగా పట్టుకున్నా అంతే బాగా కుదిరింది. నాలుగోదాంట్లో పైన ఆకాశం, కింద నేల గీశాను, చిన్నప్పటిలాగా మబ్బుతో సహా. పంపుతున్నది అది. అందులో కూడా నాకు కనిపించని రెండో అర్థం ఏదో ఉండే ఉంటుంది. గీసినదాన్ని కాబట్టి నాకెప్పటికీ కనిపించదు.

నువ్వు గంటో కుండో తెలియలేదన్నప్పటి నుంచి ఒకటే ఆలోచిస్తున్నాను. నాన్న ఆ లేత్ పక్కన నలభై ఏళ్ళు నిలబడ్డాడు. నీకు ఇరవై ఏళ్ళకే పోయిన మోత, ఆయనకి ఆఖరి దాకా వినిపించి ఉంటుందా? చివరి రోజుల్లో అమ్మ ఏమన్నా నవ్వి ఊరుకునేవాడు, నీలాగే. ఆయన కూడా తట్టి, తల పంకించి, పక్కన పెట్టేవాడేమో. ఒకవేళ అదే నిజమైతే, మనం పోగొట్టుకున్నామనుకుంటున్నది ఆయన దగ్గర ఎప్పుడో లేదు. ఈ మాట రాయాలా వద్దా అని తటపటాయించి రాసేశాను. అడగకుండా ఊరుకుంటే ఏమవుతుందో చూశాం కదా.

మాస్టారికి ఉత్తరం రాశాను. అందులో చెక్క గురించి ఏమీ లేదు. తప్పు నాదని, చేయగలిగిందేమీ కనబడటం లేదని రాశాను. జవాబు వచ్చింది. పిల్లల పరీక్ష పేపర్లు ఒక కంటితో దిద్దడం అలవాటు చేసుకుంటున్నారట. అక్కగారూ, మీ అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, ఇబ్బంది లేకుండా చదవగలిగాను అన్నారు. ఆ మంచితనానికి ఎక్కడ తలదాచుకోవాలో తెలియడం లేదు.

ఈ బొమ్మకి అప్పుడే మేకు కొట్టకు. ముందు నా మరదలికి చూపించి, ఆమెకేం అర్థమైందో ఆమె చేతే రాయించు. నీకేం అర్థమైందో నువ్వు వేరే కాగితం మీద, ఆమెది చూడకుండా రాయి. రెండూ నాకు పంపు. బస్సులో చదవను.

అక్క

తా.క. నిన్న మా వీధి మలుపులో పసుపు సంచీ కనిపించింది. రోడ్డుకడ్డంగా పరిగెత్తి ఆపాను. సంచీలోంచి కాడలు బయటికొచ్చి ఉన్నాయి, కూరగాయలు. ఏం కావాలని అడిగిందావిడ. చెప్పాల్సిందంతా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, మీది ఏ వాటమండీ అని మాత్రం అడగగలిగాను. ఆవిడ నన్నొకసారి కిందా మీదా చూసి, వాటమంటే ఏ వాటమండీ అంది.